మగ్గం ఆగితే లేచే పిల్ల

మా పుష్పవతికి నాలుగేళ్ళు నిండినా మాటలు రాకపోవడానికి కారణం అది పట్నం చూడకపోవడమేనని మా అమ్మ తేల్చేసింది.

తెల్లదొరల సీమలో యుద్ధం మొదలైన ఏడు అది. అరవం లెక్కలో ఐప్పసి, కార్తీకానికి ముందు నెల. అరవదేశంలోని మా గుడియాత్తంలో ఎడతెరిపి లేని వాన. వాన పట్టుకుంటే మా నేతగాళ్ళకు చేతులు కట్టేసినట్టే. పడుగును వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, ఎండబెడితే గాని అది మగ్గం మీదికి ఎక్కదు. ఎండ లేదు, పడుగు లేదు. పది రోజులుగా మా వీధిలో ఒక్క మగ్గం కూడా ఆడలేదు. ఆ పది రోజులూ మా పిల్ల సరిగా నిద్రపోలేదు.

దాని కథ మొదటి నుంచీ అంతే. పుట్టిన పదకొండో రోజున దాని ఉయ్యాల తాళ్ళను మగ్గం మీది దూలానికే కట్టాం. నేను దారపు నాడె అటూ ఇటూ విసురుతూ మగ్గం పలక దబదబ కొడుతుంటే హాయిగా నిద్రపోయేది. వక్కాకు వేసుకుందామని చేయి ఆపానా, లేచి ఏడ్చేది. నాకు అంతకన్నా గొప్ప ఏం కావాలి? వీధిలో కనబడిన వాడినల్లా ఆపి చెప్పుకున్నాను. "చూడండప్పా, నా కూతురు నిద్దరలో కూడా మగ్గం వింటాది. నేతగాని బిడ్డంటే అదీ!" ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. వాళ్ళూ నాలాంటి వాళ్ళే.

మా వీధిలో మాటలకు అంత విలువ లేదు. ఇంటికి రెండేసి మగ్గాలు ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినబడదు కాబట్టి అందరం చేతులతోనే కానిచ్చేస్తాం. నీళ్ళు కావాలంటే ఒక సైగ, దారం తెగిందంటే ఇంకో సైగ. పుష్పవతి ఆ సైగలన్నీ మూడేళ్ళకే నేర్చేసింది. నూలు కండె కావాలని చూపిస్తే కండె తెచ్చి ఇచ్చేది, అన్నం సైగ చేస్తే పరిగెత్తుకొచ్చేది. మాట ఒక్కటే రాలేదు.

"నువ్వూ ఐదేండ్లకు గాని నోరు తెరవలేదురా వరదప్పా," అనేది మా అమ్మ సెల్లమ్మ. "తెరిచినాక మళ్ళీ మూసినావా? బిడ్డను వేలూరికి తీసకపోండి. కోట చూపించండి, బజారు చూపించండి. కొత్తవి చూస్తే నోరు దానంతట అదే తెరుచుకుంటాది."

నా పెళ్ళాం పేరు అమరావతి. ఆమె మా అక్క కూతురే. నన్ను మామా అంటుంది, మా అమ్మను అవ్వా అంటుంది. చిత్తూరు వైపు పల్లెలో పుట్టి పెరిగింది, అరవం అంతంత మాత్రం. ఆమెకు ఉన్నది ఒకటే ఆశ. పక్కింటి పిల్లలు "అమ్మా" అని కేకేస్తే ఈమె గబుక్కున తల ఎత్తేది, తనను కాదని తెలిసి మళ్ళీ పొయ్యి వైపు తిరిగేది. నేను చూసేవాణ్ణి. చూడనట్టు ఉండేవాణ్ణి.

పండగకు నేసిన లుంగీల కూలి కొంచెం మిగిలి ఉంది. మూడు పగళ్ళు, రెండు రాత్రులు అనుకున్నాం. పడక సత్రంలో, తిండి ఇంటి సద్ది, యాడికి పోయినా కాలినడక. మా అమ్మ ఒక పెద్ద మూట నిండా చింతపులుసు అన్నం కట్టి, పైన వేయించిన శనగలు పోసి, దేవుడికి కొట్టమని ఒక కొబ్బరికాయ కూడా పెట్టింది. "పట్నంలో ఏమీ కొనొద్దండి. ఆడ తాగే నీళ్ళకు కూడా దుడ్లు అడుగుతారంట," అని హెచ్చరించింది. వాకిట్లో నిలబడి, మేం వీధి మలుపు తిరిగేదాకా మనవరాలికి చేయి ఊపింది.

స్టేషనుదాకా బురదలో నడిచాం. పిల్ల నా భుజం మీద. రైలు ఎక్కగానే అది నా ఒళ్ళోంచి జారి, చెక్క గోడకు చెంప ఆనించి కూర్చుంది. బండి కదిలి లత్తేరి స్టేషను రాకముందే నిద్రపోయింది. పది రోజుల నిద్ర ఒక్కసారి ముంచుకొచ్చినట్టు నోరు తెరిచి మరీ పడుకుంది.

"చూసినావా?" అన్నాను అమరావతితో. "దానికి మగ్గం దొరికింది."

ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. నేనూ నవ్వాను. కాట్పాడిలో దిగి చిన్న పట్టాల బండి మారి వేలూరు చేరేసరికి వాన వెలిసింది. మనం వస్తున్నామని వానకు కూడా తెలిసిందే అని ఆమెను ఆటపట్టించాను.

సత్రంలో మూట పెట్టి బజారుకు బయలుదేరాం. పుష్పవతికి అన్నీ వింతే. ఇత్తడి సామాన్ల కొట్టు ముందు నిలబడితే కదలదు. గాజుల మలారం చూస్తే అక్కడే కూలబడుతుంది. కొనేది లేదు కాబట్టి మేం కూడా తీరిగ్గా చూస్తూ నిలబడ్డాం. చూసినందుకు ఎవడూ ఏమీ అడగడు కదా. ఇంతలో అది నా చేయి విడిపించుకుని వీధి మధ్యకు పోయింది. నేలమీద ఎవరో పారేసిన రంగు కాగితం చూసింది కాబోలు, వంగి తీస్తోంది.

వెనక నుంచి జట్కా వస్తోంది. జట్కావాడు గంట కొడుతున్నాడు, అరుస్తున్నాడు. బజారు మొత్తం తిరిగి చూసింది. నేను "పుష్పా! పుష్పా!" అని గొంతు చించుకున్నాను. అది వంగినది వంగినట్టే ఉంది. జట్కావాడు కళ్ళేలు బిగించి లాగితే గుర్రం ముందుకాళ్ళు పిల్లకు మూరెడు దూరంలో ఆగాయి.

"యోవ్! సెవిట్టు పుళ్ళయా?" అని అరిచాడు వాడు. చెవిటి పిల్లా అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కాదు, పిల్ల మీద. నలుగురిలో నా పరువు తీసింది, పిలిస్తే పలకదు, ఇంత మొండితనం ఎక్కడిది అనిపించింది. రెక్క పట్టి పక్కకు లాగి వీపు మీద రెండు చరిచాను. అది ఏడవలేదు. ఏం తప్పు చేసిందో నా ముఖంలో వెతుకుతున్నట్టు నా కళ్ళలోకి, నా నోటి వైపు మార్చి మార్చి చూసింది. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అమరావతి పిల్లను ఎత్తుకుని నాకన్నా ముందు నడిచి సత్రానికి వచ్చేసింది.

సాయంత్రం సత్రం వరండాలో పిల్ల గోడ వైపు తిరిగి శనగలు వరస పేర్చుకుంటోంది. చుట్టూ మగ్గాలు లేవు, మా వీధి రొద లేదు. అమరావతి దాని వెనక నిలబడింది. చేతిలో ఇత్తడి పళ్ళెం. ఏం చేస్తోందో నాకు అర్థమయ్యేలోపు చేయి వదిలేసింది. పళ్ళెం బండల మీద పడి గింగిరాలు తిరిగింది. పక్క గదిలో ముసలాయన "ఎవుర్రా అది!" అని బయటికి వచ్చాడు. చూరు మీది కాకులు లేచిపోయాయి.

పుష్పవతి ఇంకో శనగగింజ పేర్చింది.

అమరావతి పళ్ళెం తీసి కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది. "రేపు పొద్దున్నే దొరసాని ఆస్పత్రికి పోదాం మామా. ఆడోళ్ళకూ పిల్లోళ్ళకూ ఊరికే చూస్తారంట. సత్రం ఆయమ్మ చెప్పింది."

"ఎందుకు? ఆటలో ఉండాది, పట్టించుకోలా. అంతే కదా," అన్నాను.

"మామా, మగ్గం ఆగితే లేస్తాది అనుకున్నాం. అది మగ్గాన్ని విన్నట్టా?"

పళ్ళెం ఆమె చేతిలోంచి తీసుకుని మూటలో పెట్టాను. మగ్గం వింటుందని నాలుగేళ్ళు వీధి వీధంతా డప్పు కొట్టుకున్నవాణ్ణి.

ఆస్పత్రిలో దొరసాని సన్నగా, పొడుగ్గా ఉంది. పక్కన తెల్లచీర కట్టిన నర్సమ్మ. దొరసాని రెండు కాళ్ళున్న ఒక ఇనుప కడ్డీని మోకాలికి కొట్టి పిల్ల చెవి దగ్గర పెట్టింది. నాకు అంత దూరానికి జుంయ్‌మని వినిపించింది. పిల్ల కదల్లేదు. రెండో చెవి దగ్గర పెట్టింది, కదల్లేదు. మళ్ళీ కొట్టి, ఈసారి దాని అరచేతిలో ఆనించింది. పుష్పవతి కిలకిలా నవ్వి, కడ్డీని గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. ఉయ్యాల తాళ్ళు దూలానికి కట్టింది నేనే. వణుకు తాళ్ళ వెంట దిగి దాని వెన్నుకు తగిలేది. ఆ వణుకు ఆగితే లేచి ఏడ్చేది. నా గొప్పంతా అదీ.

దొరసాని పిల్ల చెవిని వేలితో తాకి, వచ్చీరాని అరవంలో మెల్లగా అంది. "రెండు కాదుం... కాదు..."

అమరావతి నా చేయి పట్టుకుంది. ఆమె ముఖం వెలిగిపోయింది. "కాదంట మామా! చెవుడు కాదంట! విన్నావా, కాదు కాదు అంటాండాది!"

అరవంలో కాదు అంటే చెవి. అది నాకు తెలుసు. ఆమెకు తెలియదు. తెలిసిన నేను ఆ మాట ఆమెకు చెప్పలేక నర్సమ్మ వైపు చూశాను.

నర్సమ్మది మా వైపు తెలుగే. కుర్చీ మీంచి లేచి వచ్చి అమరావతి ముందు నిలబడింది. "కాదు అంటే చెవి తల్లీ. రెండు చెవులూ వినబడవు అంటాండారు దొరసాని. పుట్టుకతోనే. మందు లేదు."

అమరావతి "ఓహో" అంది. ఎవరో బజారులో ధర చెబితే అన్నట్టు. నా చేయి మాత్రం వదిలేసింది.

ఆ తర్వాత నర్సమ్మ చెప్పింది విన్నాం. దక్షిణాన చాలా దూరంలో ఒక బడి ఉందట. చెవిటి పిల్లలను అక్కడే ఉంచుకుని, పెదాలు చూసి మాట అర్థం చేసుకోవడం, గొంతు మీద చేయి పెట్టించి మాట పలకడం నేర్పుతారట. ఖర్చు లేదు. కార్తీకం పోయేలోగా ఒక జాబు రాయించి పంపితే, ఇక్కడి వాళ్ళు వెళ్ళేటప్పుడు పిల్లను తీసుకుపోతారు. ఏడాదికొకసారి ఇంటికి పంపుతారు.

"పెద్దయినాక పంపుతాం," అన్నాను.

"పెద్దయినాక నోరు తిరగదు నాయనా. ఈ వయసులోనే. ఈ సారి తప్పితే మళ్ళీ వచ్చే ఏటికి చోటుంటాదో ఉండదో చెప్పలేము."

అమరావతి అడిగింది ఒక్కటే. "అమ్మా అంటాదా?"

"అంటాది," అంది నర్సమ్మ. "మొద్దుగా, ముక్కుతో అన్నట్టు ఉంటాది. కానీ అంటాది."

ఊరు చూడ్డానికి వచ్చాం కాబట్టి చూసే పోదామంది అమరావతి. కోటకు వెళ్ళాం. వానకు అగడ్త నిండుగా ఉంది. లోపల అంత పెద్ద గుడి, రాతి స్తంభాల మీద గుర్రాలు, తొండమున్న యాళి సింహాలు. గర్భగుడిలో మాత్రం సామి లేడు. ఎప్పుడో యుద్ధాల కాలంలో వేరే ఊరికి తీసుకుపోయారట, మళ్ళీ తేలేదు. ఇంటి నుంచి మోసుకొచ్చిన కొబ్బరికాయ ఎవరికి కొట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మనిషికి ఏడుపు రావలసిన చోట ఒక్కోసారి కోపం వస్తుంది. నాకు ఎప్పుడూ అంతే. ఆ ఖాళీ చీకటి లోకి చూస్తూ నా శక్తి కొద్దీ అరిచాను.

"పుష్పవతీ!"

మంటపం అంతా మారుమోగింది. పైకప్పులో ఉన్న పావురాలన్నీ ఒక్కసారి లేచి మా తలల మీదుగా తిరిగాయి. పిల్ల రెండు చేతులూ పైకెత్తి ఎగిరెగిరి నవ్వింది. అవి ఎందుకు లేచాయో దానికి తెలియదు. దానికొక పేరుందనే తెలియదు. నాలుగేళ్ళు పిలిచాం ఆ పేరుతో.

పావురాలు మళ్ళీ వాలాయి. పిల్ల నా పంచె పట్టుకు లాగింది.

"ఇంకోతూరి అరువు మామా," అంది అమరావతి. ఆమె కన్నీళ్ళు ధార కడుతున్నాయి. "నవ్వుతాండాది, అరువు."

అరిచాను. గొంతు బొంగురు పోయేదాకా అరిచాను. చివరికి మెట్ల మీద కూర్చుని కొబ్బరికాయ మేమే కొట్టుకుని తిన్నాం.

"పంపిద్దాం మామా," అంది ఆమె.

"పంపిద్దాం," అన్నాను. ఆ పూటకు అది నిజమే.

మూడో రోజు ఇల్లు చేరేసరికి మా అమ్మ వాకిట్లోనే ఉంది. "నోరు తెరిచిందా?" అన్నది ఆమె మొదటి మాట. అమరావతి కాళ్ళు కూడా కడుక్కోకుండా సంగతంతా చెప్పింది.

మా అమ్మ నమ్మలేదు. "నా ఒళ్ళో నా పాట విని నిద్దరపోయే బిడ్డే ఇది! చెవుడంట, చెవుడు! మతంలో కలుపుకునేదానికి చెప్పే మాటలివి. ఎవురో తెల్లదానికి బిడ్డను అప్పజెప్తారంటనే? కన్నదానివేనా నువ్వు?"

"నాకు మాత్రం ఇష్టమా అవ్వా?" అంది అమరావతి. "దాని నోటికోసం."

ఆ రోజంతా ఇంట్లో అదే రచ్చ. చివరికి మా అమ్మ ఒక పందెం పెట్టింది. "నేను వెనకాల నుండి పిలుస్తా. కార్తీకం ఆఖరి వారం వచ్చేలోగా ఒక్కసారన్నా తిరిగి చూసిందంటే ఈ బడి మాట ఎత్తకూడదు. తిరగకపోతే జాబు రాయించుకోండి, నేను అడ్డం రాను."

అమరావతి సరేనంది. ఆమె పళ్ళెం వదిలి చూసింది కాబట్టి ధైర్యంగా సరేనంది.

అప్పటి నుంచి మా అమ్మకు అదే పని. పిల్ల ఎక్కడ కూర్చుంటే అక్కడికి పిల్లిలా నడిచి వెళ్ళి వెనక నిలబడి "పుష్పా" అనేది. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, బతిమాలుతూ ఒకసారి. పిల్ల తిరగదు. మా అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళి, ఇంకో గడియకు మళ్ళీ వచ్చేది. రోజురోజుకూ ఆమె గొంతు సన్నబడింది. నాకు ఆమెను చూస్తే జాలి, ఆపమని చెప్పడానికి భయం. కార్తీకంలో ఇక పది రోజులు మిగిలాయనగా అమరావతి జాబు రాసే ఆయనతో మాట్లాడి వచ్చింది.

మర్నాడే వాన వెలిసి ఎండ కాసింది. వీధంతా పడుగులు చాపారు. పుష్పవతి గడపలో కూర్చుని తెగిన దారాలు వేలికి చుట్టుకుంటోంది. నేను మగ్గం గుంటలో కూర్చుని అచ్చులో దారాలు సరిచేస్తున్నాను, నా ఎదురుగానే అది. మా అమ్మ వాకిట్లోంచి వచ్చి దాని వెనక నిలబడింది. పొద్దటి ఎండ ఆమె వీపున పడుతోంది. "పుష్పా," అంటూ కొంచెం ముందుకు వంగింది. ఆమె నీడ జారి పిల్ల చేతుల మీద, దారాల మీద పడింది.

పిల్ల తిరిగి చూసింది.

"తిరిగింది!" అని మా అమ్మ పెట్టిన కేకకు వీధిలో పడుగు దగ్గరున్న వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. "నా తల్లే! విన్నాదిరా! అవ్వ పిలిస్తే విన్నాదిరా!" పిల్లను ఎత్తి ముద్దులు పెట్టుకుంటోంది, ఏడుస్తోంది.

అమరావతి పొయ్యి దగ్గర నుంచి చేతికి పిండితోనే వచ్చింది. ఎవరినీ అడగలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి మగ్గం పక్కన కూర్చుంది.

"నువ్వు చూసినావా మామా? నీకెదురుగానే కదా ఉండాది. పిలిస్తేనే తిరిగిందా?"

నీడను నేను చూశాను. ఆ ఇంట్లో నేనొక్కణ్ణే చూశాను.

ఎందుకు చెప్పలేదంటే, మా అమ్మ ముఖం చూసి చెప్పలేకపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అందులో కొంతే నిజం. పిల్లను పంపడం నాకు ఇష్టం లేదు. అది పక్కన లేకుండా ఆ గుంటలో కూర్చోవాలంటే నాకు భయం. కులంలో పెద్దలు ఏమంటారోనని ఇంకో భయం. నా భయాల ముందు దాని నోరు నాకు చిన్నదిగా కనబడింది.

"తిరిగింది," అన్నాను.

అమరావతి నా ముఖం వైపు ఒక్క క్షణం చూసింది. నేను కళ్ళు దించుకోలేదు. అప్పుడామె నమ్మింది. పిండి చేతులతోనే నా భుజం పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

జాబు రాయించలేదు. కార్తీకం గడిచిపోయింది. పుష్పవతి ఇప్పుడు నాకన్నా మంచి నేతగత్తె, ఇంతవరకు ఒక్క మాట పలకలేదు. పొంగలి పండగ దాటకముందే అమరావతికి సంగతి అర్థమైంది, కానీ ఆమె పోయేదాకా నన్ను ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం మాత్రం ఆమె కొత్త బెల్లం వేసి పాయసం వండింది. వీధిలో ఇంటింటికీ తిరిగి "మా బిడ్డకు చెవులు ఉండాయంట" అని చెప్పి పంచింది. చివర్న నా దగ్గరికి వచ్చి, మిగిలినదంతా నా గిన్నెలో పోసింది.

తిన్నాను.